మొదటి నొక్కుకు పలకని షట్టర్: ఒక పాత ఫిల్మ్ కెమెరా కేస్ స్టడీ

కెమెరా నా బల్ల మీదికి వచ్చినప్పుడు దాంతోపాటు వచ్చిన ఫిర్యాదు ఒక్క ముక్కే. "బటన్ నొక్కితే ఒక్కోసారి ఏమీ జరగదండీ. మళ్లీ నొక్కితే మామూలుగా పడుతుంది." 1970ల నాటి 35 ఎం.ఎం. ఎస్.ఎల్.ఆర్. అది, అంటే లెన్స్ వెనక ఉన్న మిర్రర్ (అద్దం) ద్వారా దృశ్యాన్ని చూపించి, ఫొటో తీసేటప్పుడు ఆ మిర్రర్‌ను పైకి లేపే రకం. పూర్తిగా మెకానికల్. ఫిల్మ్ ముందు రబ్బరు పూత ఉన్న రెండు గుడ్డ కర్టెన్లు అడ్డంగా పరుగెత్తి వెలుగును లోపలికి వదిలే రకం షట్టర్. వేగాలు 1 సెకను నుంచి 1/1000 దాకా, ఆపైన 'బి' (బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది). తెచ్చినాయన వాళ్ల నాన్నగారు వాడిన కెమెరా. పాతికేళ్లకు పైగా బీరువాలోనే ఉండిపోయిందట. ఈమధ్యే బయటికి తీసి రెండు రోల్స్ వాడారు. రెండింటిలోనూ మంచి క్షణాలు కొన్ని చేజారిపోయాయని బాధపడ్డారు.

ఈ కెమెరాను నేను ఒకసారి శుభ్రం చేసి, బాగైందని చెప్పి ఇచ్చేశాను. రెండు వారాలకు అదే జబ్బుతో తిరిగొచ్చింది. అసలు కారణం దొరికింది రెండోసారి. మొదటిసారి ఎందుకు తప్పించుకుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఎందుకంటే ఇలాంటి కెమెరాలను చాలామంది నేను మొదట పరీక్షించినట్టే పరీక్షిస్తారు.

బటన్ నొక్కాక లోపల జరిగేది

ముందు ఇది తెలియకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. ఈ రకం కెమెరాలో షట్టర్ బటన్ షట్టర్‌ను నేరుగా తాకదు. వైండింగ్ లివర్ తిప్పినప్పుడు ఫిల్మ్ ఒక ఫ్రేమ్ జరుగుతుంది, రెండు కర్టెన్లూ స్ప్రింగుల బిగువుకు ఎదురుగా వెనక్కి చుట్టుకుంటాయి, మిర్రర్‌ను లేపే స్ప్రింగ్ బిగుసుకుంటుంది. కర్టెన్లను, మిర్రర్‌ను వేటి కొక్కేలు వాటిని పట్టి ఉంచుతాయి. బటన్ నొక్కితే దాని కింద ఉన్న సన్నటి కడ్డీ దిగి, కెమెరా అడుగున ఉన్న ఒక లివర్‌ను తోస్తుంది. దాంతో మిర్రర్ కొక్కెం విడుతుంది. మిర్రర్ పైకి లేచి, పై అంచును చేరే చివరి క్షణంలో మొదటి కర్టెన్ కొక్కేన్ని తడుతుంది. అప్పుడు గానీ కర్టెన్ కదలదు. మనం పెట్టిన వేగాన్ని బట్టి రెండో కర్టెన్ దాని వెనకే బయల్దేరి, అవతలి కొస చేరగానే మిర్రర్‌ను దించే లివర్‌ను కదిలిస్తుంది.

కాబట్టి "పడలేదు" అన్నప్పుడు నేను మొదట అడిగేది ఒకటే: కదలిక ఎక్కడి దాకా వచ్చి ఆగింది? మిర్రర్ లేచి పైనే ఉండిపోతే రెండో కర్టెన్ ప్రయాణం పూర్తయిందో లేదో చూడాలి. మిర్రర్ లేచినా కర్టెన్ కదలకపోతే, మిర్రర్ పూర్తిగా పై దాకా వెళ్లిందా అన్నది చూడాలి. అసలు మిర్రరే కదలకపోతే జబ్బు బటన్‌కూ మిర్రర్ కొక్కేనికీ మధ్యలో ఉన్నట్టు. ఈ కెమెరాలో మిర్రర్ కదలడం లేదు.

విప్పకముందు చూడాల్సినవి

స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకునే ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది బ్యాటరీ. 1976లో వచ్చిన కానన్ ఏఈ-1 లాంటి కెమెరాలో 6 వోల్టుల బ్యాటరీ లేకపోతే షట్టర్ కదలనే కదలదు. అందులో అది జబ్బు కాదు, కెమెరా స్వభావమే అంత. నికాన్ ఎఫ్ఈ బ్యాటరీ లేకుండా 1/90 వేగంలోనూ 'బి'లోనూ మాత్రం పనిచేస్తుంది. పెంటాక్స్ కె1000 లాంటి వాటిలో బ్యాటరీ కేవలం లైట్ మీటర్ కోసమే, షట్టర్‌కు దాంతో పనిలేదు. నా దగ్గరికి వచ్చింది ఈ మూడో రకం. కాబట్టి బ్యాటరీ గురించి ఆలోచించాల్సిన అవసరం లేదు.

రెండోది వైండింగ్ లివర్. అది కొస దాకా తిరగకపోతే బటన్ దిగకుండా లోపల అడ్డు పడుతుంది. రోల్ అయిపోయినప్పుడు లివర్ సగంలో ఆగిపోతుంది, బటన్ బిగుసుకుపోతుంది, షట్టర్ చెడిపోయిందని చాలామంది కంగారు పడతారు. ఆ సమయంలో బలంగా తిప్పితే మాత్రం నిజంగానే చెడిపోతుంది. బటన్ చుట్టూ తాళం రింగు ఉంటే అదీ చూడాలి, సెల్ఫ్ టైమర్ లివర్ సగంలో ఉండిపోయిందేమో కూడా చూడాలి. మూడోది లెన్స్. లెన్స్‌లో వెలుగు దారిని చిన్నదిగా, పెద్దదిగా చేసే అపెర్చర్ రేకుల మీద నూనె చేరి బిగుసుకుంటే వాటిని కదిపే లివర్ మిర్రర్‌కు కూడా బరువవుతుంది. లెన్స్ తీసేసి ఒకసారి నొక్కి చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

ఇవన్నీ ఇక్కడ సరిగ్గానే ఉన్నాయి.

మొదటి రిపేరు

బల్ల మీద పెట్టి నొక్కితే కెమెరా ప్రతిసారీ పలికింది. ఇరవై సార్లు నొక్కాను, ఒక్కటీ తప్పలేదు. బటన్ చుట్టూ ఉన్న కాలర్ తీసి చూస్తే కింద కడ్డీ మీద గోధుమరంగు పూత కనిపించింది, ఎండిన వార్నిష్ లాగా. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడ్డీని తుడిచి, బటన్ కూర్చునే గొట్టాన్ని శుభ్రం చేసి, మళ్లీ బిగించాను. వంద సార్లు వైండ్ చేసి వంద సార్లు నొక్కాను. అన్నీ పడ్డాయి. ఇచ్చేశాను.

చేసిన పనిలో తప్పు లేదు, ఆ పూత పోవాల్సిందే. తప్పంతా ఆ వంద నొక్కుల్లో ఉంది. చిక్కబడిన పాత నూనె బంకలా పనిచేస్తుంది. కదలని రెండు లోహపు ముక్కల మధ్య అది నెమ్మదిగా బిగుస్తుంది. ఒకసారి కదిలిందంటే ఆ పట్టు తెగిపోతుంది. ఆ తర్వాత వెంటవెంటనే ఎన్నిసార్లు కదిపినా అడ్డుపడదు. అంటే నేను చేసిన వంద పరీక్షల్లో నిజమైన పరీక్ష మొదటిది ఒక్కటే. దానికి కూడా అంతకుముందే, దారి పొడవునా ఆయన సంచీలో కెమెరా కదులుతూ వచ్చింది, బల్ల మీద పెట్టగానే ఆయనే రెండుసార్లు నొక్కి చూపించారు.

రోజుకు ఒక్కటే ప్రయోగం

కెమెరా తిరిగి వచ్చాక ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను, ఎప్పుడు తప్పుతోందని. కాసేపు ఆలోచించి చెప్పారు: "ఎక్కువగా బయటికి తీసిన వెంటనే అండీ. మొదటి ఫొటోనే పోతుంది." ఈ ప్రశ్న మొదటిరోజే అడిగి ఉండాల్సింది. 'ఒక్కోసారి' అన్న మాట వెనక దాదాపు ఎప్పుడూ ఒక క్రమం ఉంటుంది. వాడేవాళ్లకు అది తెలిసే ఉంటుంది, కానీ అడిగితే తప్ప చెప్పరు.

ఆ రాత్రి కెమెరాను వైండ్ చేసి, బల్ల మీద కదపకుండా వదిలేశాను. ఉదయం ఎత్తకుండానే, ఉన్నచోటే బటన్ నొక్కి వదిలాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కితే పడింది. ఇలా తొమ్మిది రోజులు ఉదయం మొదటి నొక్కును ఒక కాగితం మీద రాసుకున్నాను. తొమ్మిదిలో ఆరుసార్లు తప్పింది. అవే రోజుల్లో మధ్యాహ్నం ఇరవయ్యేసి సార్లు నొక్కితే ఒక్కటి కూడా తప్పలేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది: తప్పిన రోజుల్లో రెండుసార్లు బటన్‌ను వదలకుండా నొక్కే ఉంచితే రెండు, మూడు సెకన్ల తర్వాత దానంతటదే పడింది. ఎక్కడో ఏదో చాలా నెమ్మదిగా కదులుతోందని దాంతో తేలిపోయింది. విరిగింది ఏదీ లేదు, వంగింది ఏదీ లేదు.

కొందరు ఇలాంటి జబ్బును త్వరగా బయటపెట్టడానికి కెమెరాను ఫ్రిజ్‌లో పెడతారు. చలికి గ్రీజు గట్టిపడుతుంది కాబట్టి పద్ధతి పనిచేస్తుంది. నేను మాత్రం చేయను. బయటికి తీశాక లోపల తేమ పడితే కర్టెన్ల గుడ్డకు, లెన్స్‌కు, ఇనుప ఇరుసులకు కలిగే నష్టం పెద్దది. ఒక రాత్రి ఆగితే సరిపోయే దానికి అంత తొందర అక్కర్లేదు.

అయితే దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. రోజుకు ఒక్క ప్రయోగమే దొరుకుతుంది. అందుకే ఏ ఉదయం ఏది పరీక్షించాలో ముందురోజే రాసుకున్నాను. ఒక ఉదయం లెన్స్ తీసేసి నొక్కాను. తప్పింది. లెన్స్ మీద అనుమానం పోయింది. ఇంకో ఉదయం కేబుల్ రిలీజ్ (బటన్‌కు బిగించి దూరం నుంచి నొక్కే సన్నటి తీగ) బిగించి నొక్కాను. ఈ కెమెరాలో కేబుల్ సూది బటన్ మధ్య రంధ్రంలోంచి వెళ్లి కింది కడ్డీని నేరుగా తోస్తుంది. బటన్‌కు సంబంధమే ఉండదు. అప్పుడూ తప్పింది. అంటే నేను మొదటిసారి అంత శ్రద్ధగా తోమిన బటన్‌లో దోషమే లేదు. జబ్బు దాని కింద ఉంది. కేబుల్ రిలీజ్ ఉన్నవాళ్లు ఎవరైనా కెమెరా విప్పకుండానే చేసుకోగల పరీక్ష ఇది. చాలా పనిని ఆదా చేస్తుంది.

అడుగు ప్లేటు తీశాక

మూడు స్క్రూలు తీస్తే అడుగు ప్లేటు వస్తుంది. జపాన్ కెమెరాల్లో స్క్రూల తలలు చూడ్డానికి ఫిలిప్స్ (ప్లస్ గుర్తు) లాగే ఉంటాయి గానీ అవి జె.ఐ.ఎస్. అనే జపాన్ ప్రమాణం రకం. ఫిలిప్స్ డ్రైవర్ వాటిలో సరిగ్గా కూర్చోదు, జారి తలను చెక్కేస్తుంది. ఇంతకుముందు ఎవరో ఆ పని చేసిన ఆనవాళ్లు ఇందులో ఉన్నాయి.

ప్లేటును రాత్రే తీసి పెట్టుకున్నాను, ఉదయం మొదటి నొక్కును కళ్లారా చూడాలని. కంటికి అందదని తెలుసు కాబట్టి ఫోన్‌ను స్టాండ్‌కు బిగించి సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్‌లో రికార్డు చేశాను. ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. కేబుల్‌తో నొక్కి, వదలకుండా పట్టుకున్నాను.

వీడియోలో అంతా స్పష్టంగా ఉంది. కడ్డీ దిగింది. అడుగు లివర్ ఒక్క ఫ్రేము కూడా ఆలస్యం లేకుండా పక్కకు జరిగింది. మిర్రర్ కొక్కెం మాత్రం సగం దూరం కదిలి నిలబడిపోయింది. దాదాపు 2 సెకన్ల పాటు, కదులుతోందా లేదా అని అనుమానం వచ్చేంత నెమ్మదిగా జరుగుతూ, ఆఖర్న జారి విడింది. వెంటనే మిర్రర్ లేచింది. ఆ తర్వాత కర్టెన్లు, మిర్రర్ దిగడం, అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి.

వేలికి ఏ తేడా ఎందుకు తెలియడం లేదో కూడా ఇక్కడే అర్థమైంది. ఈ మోడల్‌లో అడుగు లివర్ కొక్కేన్ని తానుగా తోయదు. అడ్డు తప్పుకుంటుంది, అంతే. ఆ తర్వాత వెంట్రుకంత సన్నటి స్ప్రింగ్ ఒకటి కొక్కేన్ని పక్కకు లాగాలి. వేలి బలం అక్కడి దాకా చేరదు. ఆ చిన్న స్ప్రింగ్ బలం జిగటను గెలవలేకపోతే, మనం ఎంత గట్టిగా నొక్కినా ప్రయోజనం లేదు. ఆయన వేలు తీసేసరికి లివర్ మళ్లీ అడ్డం వచ్చేది. కానీ ఆపాటికి కొక్కెం కొంచెం కదిలి బంక పట్టు వదిలేది. అందుకే రెండో నొక్కు ఎప్పుడూ పనిచేసింది.

కొక్కెం ఇరుసు చుట్టూ భూతద్దంతో చూస్తే తేనె రంగు జిడ్డు. అక్కడి నుంచి పైకి, కడ్డీ వెంబడి, సన్నటి గోధుమ చార. ఆయన్ని ఫోన్ చేసి అడిగితే గుర్తుచేసుకుని చెప్పారు: ఎన్నో ఏళ్ల కిందట బటన్ కాస్త గట్టిగా ఉందని తెలిసినవాళ్లెవరో బటన్ సందులోంచి తుప్పు వదిలించే స్ప్రే కొట్టారట. మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు. అలాంటి స్ప్రేలోని పలచటి భాగం ఆరిపోతుంది, నూనె మిగిలిపోతుంది. కడ్డీ వెంబడి కిందికి జారి, ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజును కరిగించి, దాంతో కలిసి, ఏళ్లు గడిచేసరికి బంకగా మారింది. కెమెరా సందుల్లో స్ప్రే కొట్టకండి. ఎంత చిన్న గొట్టంతోనైనా, ఎంత కొంచెమైనా వద్దు. అది ఎక్కడికి చేరుతుందో కొట్టినవాళ్లకు కనబడదు.

శుభ్రం చేసిన తీరు

ఇక్కడ తొందరపడితే ఒక జబ్బు పోయి రెండు వస్తాయి. లైటర్లలో పోసే నాఫ్తా జిడ్డును బాగా కరిగిస్తుంది, మరక మిగల్చకుండా ఆరిపోతుంది. కానీ కరిగిన జిడ్డు ఎక్కడికీ పోదు. నాఫ్తా ధారగా పోస్తే ఆ జిడ్డంతా కలిసి ఇంకో ఇరుసులోకి, లేదా కర్టెన్ల మీదికి చేరుతుంది. పైగా అడుగు ప్లేటు తీసిన కెమెరాను తలకిందులుగా పెట్టి పనిచేయడమే అలవాటు. అలా ఉంటే ద్రవం తిన్నగా మిర్రర్ గదిలోకి దిగుతుంది. అందుకని కెమెరాను పక్కకు వంచి, ఇరుసు నుంచి జారేది బయటికే వచ్చేలా ఆనించి పెట్టాను.

సన్నటి బ్రష్ కొనతో ఇరుసు మీద ఒక్క చుక్క నాఫ్తా. కొక్కేన్ని పుల్లతో పదిసార్లు అటూ ఇటూ. వెంటనే సన్నగా కత్తిరించిన బ్లాటింగ్ పేపర్ ముక్కను ఆనించి కరిగినదాన్ని పీల్చేయడం. మొదటి కాగితానికి ముదురు గోధుమరంగు అంటింది. ఆరో కాగితం తెల్లగా వచ్చింది. అడుగు లివర్ ఇరుసుకూ, కడ్డీ కింది కొసకూ అదే పద్ధతి. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకున్నాను. నాఫ్తా ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

ఆరాక కొక్కెం ఇరుసుకు సూదిమొనతో గడియారాల నూనె, కంటికి ఆనీ ఆననంత. కొక్కెం పట్టుకునే ముఖాన్ని పొడిగానే వదిలేశాను. నూనె ఎక్కువైతే మళ్లీ ఇదే కథ మొదలవుతుంది. కర్టెన్ స్ప్రింగుల బిగువు స్క్రూలను ముట్టుకోలేదు. షట్టర్ మొరాయిస్తే ఆ స్క్రూలను బిగించేవాళ్లు ఉన్నారు. జిడ్డు వల్ల వచ్చిన బద్ధకానికి బిగువు పెంచితే కొన్నాళ్లు పనిచేసినట్టే ఉంటుంది, తర్వాత రెండు కర్టెన్ల వేగాలకూ పొంతన తప్పి ఫ్రేములో ఒక పక్క చీకటి పడుతుంది.

ఫోమ్ తెచ్చిన టెన్షన్

మిర్రర్ పైకి లేచినప్పుడు తగిలే చోట ఒక ఫోమ్ పట్టీ ఉంటుంది, దెబ్బను మెత్తబరచడానికి. పాలీయురేథేన్ ఫోమ్ గాలిలో తేమకు ఏళ్ల తరబడి కుళ్లి తారులాగా తయారవుతుంది. ఇందులోనూ అదే స్థితి. దాని తునకలు రేపు కొక్కెంలో పడవచ్చు, మిర్రరే దానికి అంటుకుపోవచ్చు. కాబట్టి ఎలాగూ మార్చాలి. మిర్రర్ పైన దృశ్యం పడే ఫోకసింగ్ స్క్రీన్ ప్లాస్టిక్‌ది, ఆల్కహాల్ గానీ నాఫ్తా గానీ పడితే పాడవుతుంది. దాన్ని కాగితంతో కప్పి, చెక్క పుల్లతో పాత ఫోమ్ గీకేసి, 3 ఎం.ఎం. మందం కొత్త పట్టీ అంటించాను.

మర్నాడు ఉదయం నొక్కితే మిర్రర్ టక్కున లేచింది. కర్టెన్ కదల్లేదు. మిర్రర్ పైనే నిలబడిపోయింది.

ఒక్క క్షణం గుండె జారింది. ఇన్నాళ్ల పనీ వృథా అయిందా అనిపించింది. తర్వాత ఆ వరసే గుర్తుచేసుకున్నాను: కొక్కెం విడింది, మిర్రర్ లేచింది, కర్టెన్ కదల్లేదు. అంటే మిర్రర్ పూర్తిగా పైకి చేరలేదు. లెన్స్ తీసి వేలికొనతో మిర్రర్ అంచును కొంచెం పైకి తోస్తే వెంటనే కర్టెన్ పరుగెత్తింది. నేను పెట్టిన ఫోమ్ మందం ఎక్కువైంది. చివరి మిల్లీమీటరు అది తినేస్తోంది, కర్టెన్ కొక్కేనికి తాకిడి అందడం లేదు. 2 ఎం.ఎం. పట్టీ వేశాను, సరిపోయింది. ఇలాంటి ఫోమ్ పట్టీలను సొంతంగా మార్చుకునేవాళ్లకు ఇది తరచుగా ఎదురవుతుంది. ఫోమ్ మార్చిన తర్వాత షట్టర్ పడడం మానేస్తే ముందు ఆ ఫోమ్ మందమే చూడండి.

ఇచ్చే ముందు

ఈసారి వంద నొక్కుల పరీక్ష చేయలేదు. పది రాత్రులు కెమెరాను వైండ్ చేసి వదిలేసి, పది ఉదయాలు ఒక్కో నొక్కు. పదికి పది పడ్డాయి. వాటిలో మూడింటిని స్లోమోషన్‌లో తీశాను. లివర్ తప్పుకున్న తర్వాతి ఫ్రేములోనే కొక్కెం విడిపోయి ఉంది. అంతకుముందు 2 సెకన్లు పట్టిన పని అది.

వేగాలు కూడా లైట్ సెన్సర్‌తో కొలిచాను. 1/60, 1/125, 1/250 దగ్గర దగ్గరగా ఉన్నాయి. 1/1000 పెడితే సుమారు 1/800 వచ్చింది. మూడోవంతు స్టాపు తేడా (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగమవడం). నెగటివ్ ఫిల్మ్‌కు అది లెక్కలోది కాదు, ఈ వయసు గుడ్డ షట్టర్‌కు మంచి ఫలితమే. దాన్ని సరిచేయాలంటే పైన చెప్పిన బిగువు స్క్రూలు తిప్పాలి. బాగా నడుస్తున్న కర్టెన్లను అంత చిన్న తేడా కోసం కదపడం నాకు ఇష్టం లేదు, ఆయనకు అదే చెప్పాను. 1 సెకను దగ్గర నెమ్మది వేగాల గేర్ల చప్పుడు కొంచెం బరువుగా ఉంది, కానీ ఆగడం లేదు. అది వేరే పని, పై ప్లేటు అంతా విప్పాలి. ఎప్పుడైనా 1 సెకను పెట్టినప్పుడు ఆ చప్పుడు మధ్యలో ఆగిపోతే తీసుకురమ్మన్నాను.

ఒక 36 ఫ్రేముల రోల్ ఇచ్చి, రోజూ మొదటి ఫొటో పడిందా లేదా అని మాత్రం ఒక చీటీ మీద రాయమన్నాను. మూడు వారాల తర్వాత చీటీ పంపారు. పద్నాలుగు రోజుల్లో రోల్ పూర్తయింది. పద్నాలుగు టిక్కులు ఉన్నాయి. చీటీ వెనక ఇంకో వాక్యం: "మొదటి రోజు మొదటిది మా అమ్మగారి ఫొటో అండీ, బాగా వచ్చింది."